పాత పడవ కారితే ఏం చెయ్యాలి?

మాది కూచిపూడి. ఆ పేరు చెప్పగానే అందరికీ కాలి గజ్జెల చప్పుడు గుర్తుకొస్తుంది. నేనివాళ చెప్పబోయేది మాత్రం పడవ సంగతి.

ఒకప్పుడు బందరు కాలువ మీద బెజవాడకూ బందరుకూ మధ్య సరుకుల పడవలు నడిచేవి. ఆ రోజులు పోయాయి. అయినా తోట్లవల్లూరు వైపు కృష్ణ లంకల్లో సేద్యం చేసేవాళ్ళకు పడవ అవసరం తీరలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీరు దిగువకు వచ్చింది. లంకలు మునిగాయి. అలాంటి రోజున పడవ కారుతున్నదని తెలిస్తే ఏం లాభం? ఆ సంగతి ఎండాకాలంలోనే తెలియాలి.

మనలో చాలామందికి ఒక అలవాటున్నది. పడవలోకి నీరొస్తే డబ్బాతో తోడిపోసి, పని కానిచ్చేస్తాం. నేనూ అలా రెండేళ్ళు తోడాను. ఆఖరికి విసుగుపుట్టి, లోపల నీరు కనిపించిన చోట తారు పూశాను. మర్నాడు మళ్ళీ నీరే! తీరా చూస్తే కన్నం అక్కడ లేదు, రెండు మూరల అవతల వుంది. నీరు బల్లల కింద పాకివచ్చి పల్లంలో నిలుస్తున్నది. అందుచేత మొదటి మాట యిది: నీరు కనిపించే చోటు వేరు, నీరు దూరే చోటు వేరు.

దూరే చోటు పట్టుకోవాలంటే పడవను గట్టుకు లాగి దుంగల మీద నిలపండి. అడుగున వంగి చూసే వీలుండాలి. నాచు, బురద, పెచ్చులూడిన పాత తారు గీకి పారెయ్యండి. అడుగుభాగం బయటవైపు పొడిగా తుడిచి, జల్లించిన బూడిద పలచగా అద్దండి. యిప్పుడు పడవ లోపల నీళ్ళు పొయ్యండి. బయటికి కారే చోట బూడిద తడిసి నల్లగా మచ్చ పడుతుంది. తడి కిందికి జారుతుంది గనుక, మచ్చలో అన్నిటికన్నా పైనున్న కొసే అసలు చోటు. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి.

నీళ్ళు నాలుగంగుళాలు మించి పొయ్యవద్దు. 15 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు వున్న అడుగు మీద నాలుగంగుళాల నీరంటే నాలుగు క్వింటాళ్ళ పైమాటే. ఏటిలో వున్నప్పుడు పడవను చుట్టూ నీరు మోస్తుంది. గట్టు మీద ఆ బరువంతా రెండు దుంగల మీదే పడుతుంది. దుంగలు దగ్గర దగ్గరగా వెయ్యకపోతే పాత పడవ నడుము విరుగుతుంది.

కొయ్యపడవ వాళ్ళకు మరొక మాట. ఎండలో పడివున్న పడవ మొదటిరోజు ప్రతి సందునా కారుతుంది. కంగారుపడి మేకులు కొట్టకండి. తడి గోనెలు పరిచి రెండు మూడు రోజులు నాననివ్వండి. చెక్క వుబ్బి చాలా సందులు వాటంతటవే మూసుకుంటాయి. అప్పటికీ కారేవే అసలైన కన్నాలు. అక్కడ కత్తిమొన గుచ్చి చూడండి. మెత్తగా దిగితే చెక్క పుచ్చిందన్నమాట; ఆ బల్ల మార్చాల్సిందే. గట్టిగా వుంటే పడవ ఆరాక పాత పీచు లాగేసి, దూదిని తాడులా పేని, మొద్దు వులితో సందులో కూరండి. మరీ బలంగా కొడితే పక్క సందు విచ్చుకుంటుంది. పైన నూనెలో కాచిన గుగ్గిలం పుయ్యండి. కాచేది ఆరుబయట, సన్నని సెగ మీద. పొంగితే మంట లేస్తుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

పాత అల్యూమినియం పడవ సంగతి వేరు. రేకు వుబ్బదు గనుక కన్నం తనంతట మూసుకోదు, వాడినకొద్దీ పెరుగుతుంది. ఎక్కువగా కారేది రివెట్ల దగ్గర, అతుకుల దగ్గర. వదులైన రివెట్టుకు లోపల ఒక మనిషి బరువైన ఇనుపదిమ్మె ఆనించి పట్టుకోవాలి, బయట మరొకరు సుత్తితో మెల్లగా కొట్టాలి. దిమ్మె లేకుండా కొడితే రేకు సొట్టపోతుంది. బిగియకపోతే దాన్ని తీసేసి కొంచెం లావుపాటి అల్యూమినియం రివెట్టే వెయ్యండి. ఇనుపదో ఇత్తడిదో వేస్తే, అందులోనూ ఉప్పునీరు తగిలే చోట, దాని చుట్టూ రేకు తినేస్తుంది. రేకు చిట్లితే చీలిక రెండు కొసలా సన్నని బెజ్జం వేసి, అది సాగకుండా ఆపి, ఆపైన అల్యూమినియం మాసిక వెయ్యాలి. వెల్డింగు చేయించదలిస్తే అల్యూమినియం పని తెలిసినవాడి చేతనే చేయించండి.

పని అయిందని వెంటనే మనుషుల్ని ఎక్కించకండి. గట్టు పక్కన మోకాటి లోతు నీళ్ళలో, మీరు మామూలుగా వేసే బరువుకు సరిపడా యిసుక బస్తాలు వేసి ఒక గంట వుంచండి. ఖాళీ పడవ కారకపోవచ్చు. బరువెక్కి దిగబడితే పైసందులు నీటిలోకొస్తాయి, అప్పుడే అసలు గుట్టు బయటపడుతుంది.

చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలంటారు పెద్దలు. పడవలో చిన్న కన్నమూ అంతే. తోడే డబ్బా వుండనే వుండాలి, మనిషికొక లైఫ్ జాకెట్టూ వుండాలి. కాని డబ్బా వుందిగదా అని కన్నాన్ని వదిలెయ్యకండి. కాలువలకు నీరు వదిలేలోపల ఒకరోజు తీరిక చేసుకుని మీ పడవ అడుగు చూసుకోండి. సెలవు.