సీతాఫలాల బుట్ట నుంచి టూర్ గైడు దాకా
(ఆదివాసీ దినోత్సవ సభలో యువతతో చేసిన ప్రసంగం)



ఇందాక నన్ను పరిచయం చేస్తూ ‘ట్రావెల్ స్పెషలిస్ట్’ అన్నారు. నా విజిటింగ్ కార్డు మీద కూడా అదే ఉంది. అది చూసి మా పెద్దమ్మ, “అంటే ఏటిరా? జనాన్ని రైలెక్కించి దింపీవోడివా?” అని అడిగింది. దాదాపు అంతేనండి. నా బతుకు మొదలైంది రైల్లోనే.

మాది కొండదొరల ఇల్లు. అరకు దగ్గర చిన్న ఊరు. నాన్న కొత్తవలస - కిరండూల్ లైనులో గ్యాంగ్‌మన్. బైలడిలా ఇనుప రాయిని విశాఖ రేవుకి దించడానికి వేసిన లైను అది. మన కొండల్ని తొలిచి మొత్తం 58 సొరంగాలు తవ్వారు. రాయి కోసం వేసిన దారిలో మనుషులు కూడా వచ్చారు. సీజన్‌లో మా అమ్మ బుట్టకి సీతాఫలాలు ఎత్తితే, సెలవు రోజుల్లో నేను ప్యాసింజర్‌లో అమ్మేవాణ్ణి. పళ్లు కొనేవాళ్లు ఊరికే ఉండరు కదా. “బాబూ, ఆ కొండ పేరేంటి? మీరు ఏం తింటారు? మీ భాషలో ఒక మాట చెప్పు” అనేవాళ్లు. జవాబు చెప్పినవాడి బుట్ట తొందరగా ఖాళీ అవుతుందని పదేళ్లకే తెలిసిపోయింది. నా మొదటి ట్రైనింగ్ అదే.

ఆశ్రమ పాఠశాల, తర్వాత విశాఖలో డిగ్రీ. ఆ కథ మీలో సగం మందిది కూడా, అందుకే చెప్పను. డిగ్రీ అయ్యాక ఒక టూర్ కంపెనీలో గైడుగా చేరాను. పొద్దున్నే రైల్లో అతిథులు వస్తారు. గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, మధ్యాహ్నం భోజనం, బొర్రా గుహలు, రాత్రికి మళ్లీ విశాఖ. ఉండిపోయేవాళ్లకి మంట చుట్టూ ఇరవై నిమిషాల థింసా. మన ఊళ్లో పండక్కి థింసా మొదలైతే ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలీదు. మోరి ఊదేవాడికి ఊపిరి అయిపోవాలి, లేదా తెల్లారాలి. రిసార్టులో మాత్రం వాచీ చూసి ఆపేవాళ్లం. డబ్బులు తీసుకుని ఆడటాన్ని నేను తప్పు పట్టను, మా ఇంటి ఆడవాళ్లే ఆడారు, ఆ డబ్బుతో ఇంట్లో పొయ్యి వెలిగింది. నేను చేసిన తప్పు వేరే ఉంది. దాని గురించి చెప్పడానికే ఇవాళ వచ్చాను.

కంపెనీలో మా పైవాళ్లు, “కొంచెం మసాలా వెయ్యి, జనానికి కథ కావాలి” అనేవారు. ఒకరోజు బస్సులో ఇటుకల పండుగ గురించి చెబుతున్నాను. చైత్రంలో మగవాళ్లు వేటకి వెళ్లడం, ఆడవాళ్లు దారికి అడ్డం కర్ర పెట్టి వచ్చేపోయే బళ్ల దగ్గర డబ్బులు అడగడం, ఉత్త చేతుల్తో తిరిగొచ్చిన మగవాళ్ల మీద పేడనీళ్లు చల్లి నవ్వడం. ఇవన్నీ ఉన్నవే. కానీ వెనక సీట్లో ఒకాయన ఆవలించాడు. వెంటనే నా నోట్లోంచి వచ్చేసింది: “వేటలో ఏమీ కొట్టలేనివాడికి మా దగ్గర పిల్లనివ్వరు.” బస్సంతా నిద్ర లేచింది. ఆ ట్రిప్పులో టిప్పు బాగా వచ్చింది. తర్వాత ప్రతి ట్రిప్పులోనూ అదే చెప్పాను. ఎవరో వీడియో తీసి నెట్‌లో పెట్టారు.

కొన్నేళ్లు గడిచాయి. నేను సొంతంగా చిన్న ట్రావెల్స్ పెట్టుకుని, మనలాంటి వాళ్లు ఉండే చోట్లకి తిరగడం మొదలుపెట్టాను. ఈ పనిలో నాకు నిజంగా ఇష్టమైంది ఇదే. కొత్త ఊళ్లో పొయ్యి దగ్గర కూర్చుని, వాళ్లు పంటని ఏమని పిలుస్తారు, చనిపోయినవాళ్లని ఎలా తలుచుకుంటారు అని వినడం. కెస్లాపూర్ నాగోబా జాతరకి వెళ్లాను. మెస్రం వంశం వాళ్లు గోదావరి నీళ్లు తేవడానికి కాలినడకన పోతారు. కొత్త కోడళ్లని దేవుడి ముందుకి తీసుకెళ్లి వంశంలో కలుపుకుంటారు, దాన్ని భేటింగ్ అంటారు. అక్కడ నాకు చూపించినంతే చూశాను.

మేఘాలయకి వెళ్లినప్పుడు మాత్రం దెబ్బ తగిలింది. షిల్లాంగ్ దగ్గర మాఫ్లాంగ్ అని ఊరు. అక్కడ ఖాసీలు తరతరాలుగా కాపాడుకుంటున్న దేవుడి అడవి ఉంది. లోపల పాతిన నిలువు రాళ్లు చూస్తే మన గదబల ఊళ్లలో సదర్ దగ్గరి రాళ్లు గుర్తొచ్చాయి. గదబల గుతోబ్ భాషా, ఖాసీ భాషా ఒకే ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబానివని చదివి ఉన్నాను. ఆ ఉత్సాహంలో కింద రాలిన ఆకొకటి తీసి పుస్తకంలో పెట్టుకున్నాను. మమ్మల్ని తీసుకెళ్లిన గైడు ఆ ఊరి కుర్రాడే. మీ వయసే ఉంటుంది. నెమ్మదిగా అన్నాడు, “అన్నా, ఇక్కడి నుంచి ఆకు కూడా బయటికి పోకూడదు.” తీసినచోటే పెట్టేదాకా నిలబడ్డాడు. తర్వాత నడుస్తూ ఒక ప్రశ్న అడిగాను. అతను జవాబుగా, “అది నాకు తెలీదు, మా పెద్దల్ని అడిగి చెప్తాను” అన్నాడు. నేను ఇన్నేళ్ల గైడు పనిలో ‘నాకు తెలీదు’ అని ఒక్కసారీ అనలేదు. మా జాకర దేవత చెట్ల దగ్గర కూడా ఇలాంటి కట్టుబాట్లు ఉన్నాయి. ఏ అతిథికైనా చెప్పానా? బస్సు ఆపి ఫొటోలు తీసుకోమన్నాను.

ఇంటికొచ్చాను. మా మేనకోడలు ఎనిమిదో తరగతి. ‘మా పండుగ’ అని స్కూల్ ప్రాజెక్టు రాస్తోంది. “మావయ్యా, చూడు” అని నోట్‌బుక్ ఇచ్చింది. రెండో పేజీలో గుండ్రటి అక్షరాలతో: వేటలో జంతువుని కొట్టలేనివారికి మా తెగలో పిల్లనివ్వరు.

“ఇది ఎవరు చెప్పారే?”

“నెట్‌లో ఉంది మావయ్యా. ఎవరో గైడు చెప్పాడు.”

పక్కన చింతపండు పిక్కలు తీస్తున్న పెద్దమ్మ విని, “ఎవుడ్రా ఆడు? మీ పెదనాన్న ఏనాడూ కుందేలుని కూడా కొట్టలేదు. నన్నివ్వలేదా?” అంది.

ఆ గైడు నేనేనని చెప్పాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది. పెద్దమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. “మరి తెలిసినోల్ని అడక్కపోయావా?” అంది, అంతే. ఆ రాత్రి మొదటిసారి కూర్చుని అడిగాను. దిసారి రోజు పెట్టడం, ఇంటింటి విత్తనాలు శంకుదేవుడి దగ్గర చేర్చి పూజ చేయడం, ఆ విత్తనాల్ని మిగతావాటిలో కలిపి చల్లడం. పండుగకి అసలు అదే మూలం, వేట దాని చుట్టూ ఉన్న సరదా. పేడనీళ్ల మాట కూడా చెప్పి తనే నవ్వింది. తన చిన్నప్పుడు ఎవరి మీద పోసిందో పేర్లతో సహా చెప్పింది. ఆ పేర్లు ఇక్కడ చెప్పను, వాళ్ల మనవలు ఈ సభలో ఉన్నారు.

ఈ పనిలోకి రావాలనుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మీలో ఉన్నారని తెలుసు. రండి. ఇంగ్లీషు వస్తుంది, హిందీ వస్తుంది, అవి కష్టం కాదు. ఇంట్లో ఆదివాసీ ఒరియా, కువి, గుతోబ్ మాట్లాడే ముసలివాళ్లుంటే ముందు వాళ్ల దగ్గర కూర్చోండి. ఇంకో మాట. 1/70 చట్టం ఉంది కాబట్టి ఏజెన్సీలో మన భూమి గిరిజనేతరులకి బదిలీ కాదు. అంటే అతిథులు ఉండే ఇల్లు మనది కావచ్చు, వండేది మనం కావచ్చు. బొంగులో చికెన్ ఒక్కటే కాదు, చోడి అంబలి కూడా ఇవ్వండి. కొందరికి నచ్చదు. ఫర్వాలేదు.

ఆ వీడియో ఇంకా నెట్‌లో ఉంది. తీయించడానికి ప్రయత్నించాను, కుదర్లేదు. కింద నా పేరుతో రాశాను, ఇది అబద్ధం, చెప్పింది నేనే అని. దానికి మూడు లైకులు వచ్చాయి, ఒకటి నా మేనకోడలిది. తను ఆ పేజీ చింపేసి పెద్దమ్మ చెప్పింది రాసుకుంది. టీచర్ పదికి ఆరు వేశారు. బొమ్మలు లేవట.

వచ్చే చైత్రంలో పెద్దమ్మ దగ్గర ఇంకా రికార్డు చేయాలి. నాకు కువి సరిగా రాదు. వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే సభ అయ్యాక కలవండి, టీ నేను ఇప్పిస్తాను. జోహార్.