సామేలు అన్న పేరు
(తెలుగు మాస్టారి స్మారకోపన్యాసం, తెల్లాపూర్)

 

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన ఉద్యోగకాలమంతా ఒంగోలు చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు చెప్పారు. చివరి ఏళ్లు ఈ తెల్లాపూర్‌లో, కూతురి ఇంట్లో, పదకొండో అంతస్తులో గడిపారు. తనను పొగుడుతూ సభలు పెట్టొద్దనీ, ఏడాదికోసారి ఎవరో ఒకరు ఒక్క తెలుగు మాట గురించి మాట్లాడితే చాలనీ పిల్లలతో చెప్పి వెళ్లారట. ఈ ఏడు ఆ బాధ్యత నాకు వచ్చింది. నేను పండితుణ్ని కాను, సాఫ్ట్‌వేర్ పని చేసుకునేవాణ్ని. చిన్నప్పటి నుంచి నా వెంట ఉండి, నేను ఎక్కువగా ఆలోచించిన మాట ఒకటుంది. అది నా పేరు.

ఇంట్లో నేను సామేలుని. మందిరంలో అయ్యగారు సమూయేలు అంటారు. కాలేజీలో శామ్యూల్ అన్నారు. ఆఫీసులో శామ్. ఇవన్నీ ఒకే పేరు. ఇంగ్లీషు పేరని అందరూ అనుకునే ఈ పేరు ఇంగ్లీషుది కాదు. అది మా ఊరిదాకా ఎలా నడిచొచ్చిందో, మా నాలుకల మీద ఏమైందో చెబుతాను.

నాకంటే ముందు అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. మూడోసారి నీళ్లోసుకున్నాక రోజూ సాయంత్రం మందిరానికి వెళ్లి మోకాళ్ల మీద ఉండేదట. నేను పుట్టాక అయ్యగారు ఇంటికొచ్చి బైబిల్లో హన్నా కథ చదివారు. పిల్లల్లేని హన్నా షిలోహు మందిరంలో పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థిస్తుంటే, యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. తర్వాత కొడుకు పుడితే, దేవుణ్ని అడిగి తెచ్చుకున్న బిడ్డ అని సమూయేలు పేరు పెట్టింది. అయ్యగారు పుస్తకం మూయకముందే అమ్మ అందట, "వీడూ సామేలే" అని.

హీబ్రూలో ఈ పేరు ష్మూయేల్. చివర ఉన్న 'ఏల్' అంటే దేవుడు. దీని మీద తగాదా లేదు. తగాదా అంతా మొదటి సగం మీద. 'షేమ్' అంటే పేరు. ఆ లెక్కన ఇది 'దేవుని పేరు' అవుతుంది. 'షమా' అంటే వినడం. ఆ లెక్కన 'దేవుడు విన్నాడు'. హన్నా చెప్పిన 'అడగడం' అన్న అర్థానికి హీబ్రూ ధాతువు 'షాఅల్'. నిజానికి అది సమూయేలు కంటే సౌలు అన్న పేరుకే సరిగ్గా అతుకుతుంది. ఆ సౌలును రాజుగా అభిషేకించింది సమూయేలు ప్రవక్తే కాబట్టి, ఒకరి పేరు కథ ఇంకొకరికి అంటుకుందేమోనని పండితులు చాలాకాలంగా చర్చిస్తున్నారు. వ్యుత్పత్తి లెక్కలో హన్నా మాట తప్పవచ్చు. కానీ కడుపు పండిన తల్లి చెప్పిన అర్థాన్ని నిఘంటువు పట్టుకుని కొట్టేయడం నాకు చేతకాదు. మా అమ్మకు తెలిసిన అర్థం కూడా అదే.

ష్మూయేల్ సామ్యూల్ కావడానికి కారణం గ్రీకు. గ్రీకు భాషలో 'ష' ధ్వని లేదు. హీబ్రూ గ్రంథాన్ని గ్రీకులోకి తెచ్చినప్పుడు 'ష' కాస్తా 'స' అయింది. అక్కణ్నుంచి లాటిన్‌కు, లాటిన్ నుంచి ఇంగ్లీషుకు అదే వెళ్లింది. ఇంగ్లండులో ఈ పేరు బాగా వ్యాపించింది మతసంస్కరణ తర్వాత, పునీతుల పేర్లు వదిలి పాత నిబంధన పేర్లు పెట్టుకున్న ప్యూరిటన్ల కాలంలో. 1755లో ఇంగ్లీషుకు గొప్ప నిఘంటువు కట్టిన జాన్సన్ సామ్యూలే. మార్క్ ట్వేన్ అసలు పేరూ సామ్యూలే. ఆయన ఆ పేరు పక్కన పెట్టి కలంపేరుతో బతికాడు. అమెరికా ప్రభుత్వానికి ముద్దుపేరైన అంకుల్ శామ్ వెనక కూడా సామ్యూల్ విల్సన్ అనే మాంసం వర్తకుడు ఉన్నాడని చెబుతారు. 1812 యుద్ధంలో సైన్యానికి మాంసం పీపాలు పంపినవాడు ఆయన. 1961లో అమెరికా కాంగ్రెస్ ఆయనకు ఆ గుర్తింపు ఇచ్చింది. వీసా ముద్ర కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే మన తెల్లాపూర్ పిల్లలకు ఈ అంకుల్ బాగా తెలిసినవాడే.

మా పల్లెలో కొందరు ముసలివాళ్లు నన్ను 'శామేలు' అనేవాళ్లు. చదువుకున్న బంధువులు అది మొరటు పలుకని దిద్దబోయేవాళ్లు. ఇప్పుడు ఆలోచిస్తే, గ్రీకు దారిలో పోగొట్టుకున్న 'ష్' సవ్వడికి దగ్గరగా ఉన్నది ఆ ముసలివాళ్ల పలుకే. అలా పలకడానికి కారణం హీబ్రూ తెలియడం కాదు, మన నోటి తీరు. ఇంగ్లీషు శామ్‌లో ఉన్న అచ్చు 'ఆ'కీ 'ఏ'కీ మధ్యది. 'వచ్చాడు' అన్నప్పుడు 'చ్చా'లో పలికేది ఆ అచ్చే. మన నోట్లో ఉంది, మన లిపిలో దానికి గుర్తు లేదు. అందుకని 'శ' వాడి ఆ ఒరుగు తెప్పిస్తాం. పత్రికలు శాంసంగ్ అనీ, శాన్‌ఫ్రాన్సిస్కో అనీ రాసేది ఇందుకే.

ఇక్కడ మాస్టారి పాఠం ఒకటి చెప్పాలి. ఎనిమిదో తరగతిలో విభక్తులు చెబుతున్నారు. డు, ము, వు, లు అని మేమంతా గొంతెత్తి వల్లిస్తున్నాం. మాస్టారు ఆపమని, నల్లబల్ల మీద నాలుగు పేర్లు రాశారు: ఆదాము, అబ్రాహాము, పౌలు, సమూయేలు. నన్ను లేపి, "ఇవి ఎక్కడి పేర్లురా?" అన్నారు. "బైబిల్లోవి మాస్టారూ" అన్నాను. "సరిగ్గా చూడు. తెలుగు పేర్లు కావూ?" అని ఒక్కో పేరు చివరా సుద్దముక్కతో గీత గీశారు. ము, ము, లు, లు. తరగతిలో నా పేరు విని నవ్వే పిల్లలు ఆ గీతలవంకే చూస్తూ కూర్చున్నారు. హల్లుతో ఆగిపోయిన పరాయి పేరును తెలుగు అచ్చుతో ముగించి, ప్రథమావిభక్తిలో కూర్చోబెట్టి ఇంట్లో కలుపుకుంది. ఆ రోజు నాకు వ్యాకరణం చుట్టరికంలా కనిపించింది.

ఆ 'లు' దగ్గరే ఇంకో ముచ్చట. సమూయేలు, దానియేలు, గబ్రియేలు, మిఖాయేలు, ఇమ్మానుయేలు, ఇశ్రాయేలు. హీబ్రూలో వీటన్నిటి చివరా దేవుడున్నాడు. తెలుగు చెవికి మాత్రం అక్కడ 'ఏలు' వినిపిస్తుంది. ఏలడం, ఏలుకోవడం, ఏలినవారు. ఈ రెంటికీ సంబంధం లేదు, కాకతాళీయం. అయినా ప్రార్థనలో ఆ పేరు వినే మనిషికి ఏలేవాడు తలపుకు రావడం సహజం. ఈ వరసలో రాహేలును మాత్రం కలపకూడదు. ఆ పేరుకు ఆడగొర్రె అని అర్థం, దాని చివర దేవుడు లేడు.

ప్రాస విషయానికొస్తే, ఇంగ్లీషులో పొట్టిపేరు శామ్‌కు జామ్, హామ్, ర్యామ్ అని కావలసినన్ని జోడీలు. నటి సమంత ఆహా ఓటీటీలో 2020లో చేసిన కార్యక్రమానికి 'సామ్ జామ్' అని పెట్టింది ఆ సౌలభ్యంతోనే. పూర్తిపేరు సామ్యూల్‌కు మాత్రం ఇంగ్లీషు కవికి సరైన జోడీ దొరకడం కష్టం. తెలుగులోకి వచ్చాక పేదరికం తీరింది. మన ప్రాస పాదంలో రెండో అక్షరం దగ్గర ఉంటుంది. సామేలులో మొదటిది గురువు, ప్రాసాక్షరం 'మ'. రాముడు, భీముడు, కోమలి అందరూ వచ్చి నిలబడతారు. అంత్యప్రాస కావాలంటే మేలు, పాలు, వేలు ఉన్నాయి. మా అమ్మ బడి ముఖం చూడలేదు. నన్ను జోకొడుతూ సామేలుకు మేలు, సామేలుకు పాలు అని తనకు తోచింది కలుపుకుంటూ పాడేది. ఇంగ్లీషు దాచుకున్న ప్రాస ఆమెకు అడగకుండానే దొరికింది.

ఈ పేరు మా నేలకు వచ్చిన దారి కూడా కొంత తెలుసు. తెలుగువాళ్ల మధ్య అమెరికన్ బాప్టిస్టు మిషన్ మొదలుపెట్టినవాడు సామ్యూల్ డే. 1836లో విశాఖపట్నం వచ్చి, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా ఫలితం లేదని ఆ మిషన్ మూసేయాలన్న మాట వచ్చింది. 1853లో, పటంలో ఒంటరి చుక్కలా ఉన్న నెల్లూరు మీద పద్యం రాసి ఆ ఆలోచన మాన్పించినవాడు సామ్యూల్ స్మిత్. అలా ఇద్దరు సామేళ్ల పుణ్యాన నిలిచిన మిషన్‌కు తర్వాత ఒంగోలులో జాన్ క్లౌ వచ్చాడు. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని తీసుకుని మా తాతల తాతలకు కూలీ ఇప్పించాడు. 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇటు తెలంగాణలో డోర్నకల్‌లో ఉన్నది వేదనాయగం సామ్యూల్ అజరయ్య. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైనా ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకుని పల్లెల్లో తిరిగాడు.

గుండ్లకమ్మలో మునిగి లేచినవాళ్లలో ఎక్కువమంది మాలమాదిగలు. అప్పటిదాకా ఊరు వాళ్లకు పెట్టిన పేర్లు చాలావరకు పిలుపులు కావు, తోలివేతలు. పెంటయ్య, పుల్లిగాడు, కుక్కమ్మ. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లవాడికి ఒక ప్రవక్త పేరు దక్కింది. దాని వెల ఏమిటో ఆ ఇళ్లకే తెలుసు. గుర్రం జాషువా పేరును తలచుకోండి. తెలుగు బైబిల్లో ఆ పేరు యెహోషువ, ఆయనది ఇంగ్లీషు రూపం. కొలకలూరి ఇనాక్‌దీ అంతే, బైబిల్లో అది హనోకు. ఈ రెండు పేర్లూ లేకుండా ఆధునిక తెలుగు సాహిత్య చరిత్ర చెప్పలేం.

దక్కిన పేరు నిలుపుకోవడమూ కష్టమే అయింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో, ఆ కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు బీసీ-సీలో, ఒక శాతం కోటాలో ఉన్నారు. అందుకే ఎన్నో ఇళ్లలో ఒక మనిషికి రెండు పేర్లు ఉంటాయి, సర్టిఫికెట్‌లో ఒకటి, మందిరంలో ఇంకొకటి. దాన్ని మోసమనేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. బిడ్డ చదువుకోసం తల్లి తను కోరి పెట్టుకున్న పేరును బీరువాలో దాచాల్సి రావడం మోసం ఎలా అవుతుంది? ఈ ఐటీ కారిడార్‌లో నేను అద్దె ఇల్లు వెతికిన రోజుల్లో, ఫోన్లో పేరు చెప్పగానే ఇల్లు అప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశామన్న ఓనర్లు ముగ్గురు.

నా పేరు కూడా కాగితాల మీద మారిపోయేదే. ఆరో తరగతిలో చేరినప్పుడు, అంతకుముందు బడి ఇచ్చిన టీసీలో శ్యామ్ అని ఉంది. ఎవరు ఎందుకు అలా రాశారో అమ్మకు తెలియదు. మాస్టారు రిజిస్టరు తెరిచి, కలం ఆపి అమ్మను అడిగారు: "అమ్మా, మీరు ఇంట్లో ఏమని పిలుస్తారు?" అమ్మ చెప్పింది. పాత బడికి ఉత్తరం రాసి, కాగితాలు దిద్దించి, అమ్మ పలికినట్టే రాశారు. పదో తరగతి మెమోలో, తర్వాత పాస్‌పోర్టులో కూడా అదే నిలిచింది: ఎస్, ఏ, ఎం, ఈ, ఎల్, యూ. అమెరికా క్లయింట్లు దాన్ని 'సేమ్‌లూ' అని చదివేవాళ్లు. విసుగొచ్చి శామ్ అని పిలవమన్నాను. మా టీములో ఇంకో శామ్ ఉండేవాడు, గుంటూరు సాంబశివరావు. శివుడి పేరూ ప్రవక్త పేరూ ఒకే మూడు ఇంగ్లీషు అక్షరాల్లో ఇరుక్కుని, శామ్ వన్, శామ్ టూ అయ్యాయి. ఇద్దరం ఏళ్లపాటు పక్కపక్క సీట్లలో కూర్చున్నాం, ఒకరి పూర్తిపేరు ఒకరం పలకలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కొన్నేళ్ల కిందట అమ్మ ఒంగోలులో నారాయణాద్రి ఎక్కి, లింగంపల్లిలో దిగి, తనే ఆటో మాట్లాడుకుని వచ్చేసింది. నేను కాల్‌లో ఉన్నాను, ఫోన్ సైలెంట్‌లో ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి "ఎవరింటికమ్మా?" అన్నాడు. "మా సామేలు ఇంటికి" అంది. వాడి ఫోన్లో ఉన్న పట్టికలో సామేలు లేడు. నేను ఎక్కించుకున్న పేరు శామ్. ఫ్లాటు నంబరు అమ్మకు తెలియదు. నిమ్మకాయ పచ్చడి సీసా ఒళ్లో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఎవరొచ్చినా అదే పేరు చెబుతోందట.

ఉదయం నడకకు బయల్దేరిన పెద్దాయన ఒకరు ఆ పేరు విని ఆగారు. ఆయన ఇదే కాలనీలో ఉంటున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. అమ్మ ముఖం చూసి, "ఆరో తరగతిలో చేర్చిన సామేలేనా?" అన్నారట.

నేను కిందికి దిగేసరికి ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. సందర్శకుల రిజిస్టరు ఆయన ముందు తెరిచి ఉంది. అందులో అన్ని వరసలూ ఇంగ్లీషులో ఉన్నాయి. చివరి వరసలో, ఎవరిని కలవాలి అన్న గడిలో, నల్లబల్ల మీద నేను చూసిన ఆ గుండ్రటి దస్తూరీతో తెలుగులో రాసి ఉంది: సామేలు.