కంప్యూటరు నమూనాలును జీవుల నడవడియు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లపాటు ఒక గ్రామము తన గ్రంథాలయమును మూతపడనీయక నడుపుకొనుట సామాన్య విషయము కాదు. 1914లో బెజవాడయందు అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగిన నాటినుండియు మన దేశమున గ్రంథాలయమనగా పుస్తకముల గది మాత్రమే కాదు. లోకమున పుట్టిన క్రొత్త జ్ఞానమును ఊరివారి వాకిటికి తెచ్చు చోటది. ఆ ధైర్యముతోనే నేడు ఒక క్రొత్త విషయమును మీ యెదుట ఉంచుచున్నాను.

కంప్యూటరు నమూనాలతోను, రోబోటులనబడు మరబొమ్మలతోను జంతువుల నడవడిని, మనుష్య సంఘముల నడవడిని శాస్త్రజ్ఞులు ఎట్లు పరిశీలించుచున్నారో చెప్పుట నా యుద్దేశము. ఇది పెద్ద పట్టణముల విద్యాలయములకు చెందిన ముచ్చట, మనకేల యని తోచవచ్చును. కాని మార్కాపురము, గిద్దలూరు ప్రాంతపు ఊళ్ళు నల్లమల అంచున నున్నవి. ఆ యడవిలో పులులెన్నియో లెక్కించుటకు నేడు కంప్యూటరు కావలసివచ్చినది. అంటువ్యాధి ఎప్పుడు హెచ్చునో, ఎప్పుడు తగ్గునో అంచనా కట్టుటకును అదియే సాధనము. ఆ లెక్కలను చూచి పైవారు తీసికొను నిర్ణయములు మన పశువులను, మన పొలములను, మన బిడ్డల చదువులను తాకును. కావున ఆ లెక్క ఎట్లు పుట్టునో, దానిని ఎంతవరకు నమ్మవలెనో మనము తెలిసికొనవలసియున్నది.

మొదట నమూనా యన నేమో చూతము. రచ్చబండ మీద గీసిన పులిజూదమును ఎరుగనివారు ఈ సభలో ఉండరు. 3 పులులు, 15 మేకలు, గీతలు కలియు 23 తావులు. పులి మేక మీదుగా దుమికి దానిని చంపును. మేకలు ఒకదానికొకటి అండగా నిలిచి పులిని కట్టివేయును. నిజమైన పులికి ఆకలి గలదు, వయస్సు గలదు, దాహము గలదు. ఆటలోని గులకరాతికి ఇవి యేవియు లేవు. అయినను ఒంటరి మేక చచ్చుననియు, కలిసి నిలిచిన మేకలు పులిని కదలనీయవనియు ఆ గులకరాళ్ళే మనకు చూపుచున్నవి. నమూనా యనగా ఇంతియే. లోకములోని వేయి సంగతులను విడిచి, రెండు మూడింటిని మాత్రము నిలుపుకొని, వానినుండి ఏమి పుట్టునో ఆడి చూచుట. మనము ఆ యాటను దినమునకు పదిసారులు ఆడగలము. కంప్యూటరు లక్షసారులు ఆడును. దాని గొప్పయంతయు ఆ యోపికయందే యున్నది. ఏ సంగతులను నిలుపవలెనో, వేనిని విడువవలెనో నిర్ణయించువాడు మాత్రము మనుష్యుడు.

సాయంకాలమున గుంపులుగా ఎగురు పక్షులను చూడుడు. అన్నియు ఒక్కమారే మలుపు తిరుగును. వానికి నాయకుడెవడు? అమెరికాలో క్రెయిగ్ రేనాల్డ్స్ అను కంప్యూటరు నిపుణుడు 1986లో ఈ ప్రశ్నను నమూనాతో పరీక్షించెను. తెరమీద బొమ్మపక్షులను సృష్టించి, ఒక్కొక్కదానికి మూడు నియమములు మాత్రమే ఇచ్చెను: ప్రక్కదానితో ఢీకొనకుము, ప్రక్కవానితో సమానముగా అదే దిక్కున సాగుము, గుంపు నడుమకు చేరువగా నుండుము. నాయకుడు లేడు, ఆజ్ఞ లేదు. అయినను ఆ బొమ్మలు నిజమైన పక్షుల గుంపువలెనే తెరమీద ఎగిరినవి. గుంపునకు నాయకుడు ఉండి తీరవలెనన్న మన తలంపు దీనితో సడలినది.

గొర్రెల మందలు మన సీమకు క్రొత్త కాదు. వందల గొర్రెలను ఒక్క కాపరి ఎట్లు తోలగలుగుచున్నాడు? 2014లో డేనియల్ స్ట్రోంబోమ్, ఆండ్రూ కింగ్ మొదలగువారు మందకాయు కుక్కను గూర్చి ఒక నమూనాను ప్రకటించిరి. అంతకుముందే ఆస్ట్రేలియాలో గొర్రెల మీదను, కుక్క మీదను తావును తెలుపు చిన్న యంత్రములు కట్టి, అవి ఎట్లు కదలునో నమోదు చేసియుండిరి. ఆ కదలికలకు రెండే సూత్రములు చాలునని వారి నమూనా తేల్చినది. మంద చెదరినచో అన్నిటికంటె దూరమైన గొర్రె వెనుకకు పోయి దానిని లోనికి తోలవలెను. మంద కూడినచో దాని వెనుక నిలిచి ముందుకు నడపవలెను. ఈ రెండు సూత్రములనే ఇచ్చినను, తెరమీది కుక్క మంద వెనుక అటునిటు నడువసాగెను. అట్లు నడువుమని దానికెవ్వరును చెప్పలేదు. కర్ర చేతబట్టి మంద వెనుక అటునిటు నడచు మన కాపరికి ఇది తాతలనాటి విద్య. శాస్త్రము చేసినదేమనగా, ఆ విద్య ఎందుకు ఫలించునో విడదీసి చూపుట.

ఇక పులుల లెక్క. పూర్వము అడుగుజాడలను బట్టి పులులను లెక్కించెడివారు. జాడమీద గాజుపలక నుంచి గీత గీసి, ఇది ఫలానా పులి యని గుర్తించెడివారు. మట్టి మెత్తనైనచో జాడ పెద్దదగును, గట్టిదైనచో చిన్నదగును. ఒకే పులి రెండుగా లెక్కకు రావచ్చును. ఈ పద్ధతి లోపము 2005లో రాజస్థానమందలి సరిస్కాలో బయల్పడెను. అంతకుముందు ఏడాదుల కాగితములలో పదికి మించి పులులుండగా, అడవిలో ఒక్కటియు మిగులలేదని తేలెను. వేటగాండ్రు పులులను హరించుచుండగా కాగితములు మాత్రము నిశ్చింతగా నున్నవి. తప్పులెక్క ఎంత కీడు చేయునో చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

అటుపిమ్మట కెమెరాల పద్ధతి దేశమంతట వచ్చినది. అడవి బాటకు ఇరుప్రక్కల రెండు కెమెరాలను కట్టుదురు. జంతువు ఆ దారిన పోగా అవి తమంతట తామే ఛాయాచిత్రము తీయును. మన వ్రేలిముద్రలవలె ఏ రెండు పులుల చారలును ఒకటి కావు. ఒకే పులికి కుడి ఎడమ ప్రక్కల చారలు సైతము వేరు. అందువలననే రెండు కెమెరాలు. పులి వంగి నడచినను, ప్రక్కకు తిరిగినను చారలను పోల్చుటకై కంప్యూటరు ఆ చిత్రమును పులి దేహపు నమూనా మీద పరచి చూచును. 2018నాటి జాతీయ గణనలో 26,838 చోట్ల కెమెరాలు కట్టిరి; 3 కోట్ల 48 లక్షలకు పైగా చిత్రములు వచ్చినవి. వానిలో పులులవి 76,651. వేరువేరు పులులుగా గుర్తింపబడినవి 2,461. కాని ప్రకటించిన అంచనా 2,967. చిత్రమునకు చిక్కని ఆ యైదువందల పులులు ఎక్కడినుండి వచ్చెను?

ఇందులో మాయ లేదు. మన కంభము చెరువును తలచుకొనుడు. చెరువులో చేపలెన్ని యని యెవరైన అడిగినచో నీరంతయు తోడి చూడలేము. వంద చేపలను పట్టి, రెక్కపై గుర్తు పెట్టి మరల విడిచితిమనుకొందము. కొన్ని దినముల తరువాత మరల వంద చేపలను పట్టగా, వానిలో పదింటికి గుర్తున్నది. అనగా పట్టినవానిలో పదవవంతు గుర్తు గలవి. చెరువంతటను అదే పాలు ఉండునని యెంచినచో మొత్తము చేపలు సుమారు వేయి. పులి చారలే ఇచ్చట గుర్తు, కెమెరాయే వల. అయితే ఈ లెక్క నిలువవలెనన్నచో గుర్తున్న చేపలు తక్కినవానితో బాగుగా కలిసియుండవలెను. ఈలోగా చెరువు పొర్లిపోరాదు. ఇట్టి షరతులు తప్పినచో లెక్కయు తప్పును. అందుచేతనే 2018నాటి అంచనాను 2,603 మొదలు 3,346 వరకు అని హద్దులతో ప్రకటించిరి. హద్దు చెప్పిన లెక్క నిజాయితీ గల లెక్క యని నేను భావింతును.

మన రాష్ట్రమున 2018లో 48గా నున్న అంచనా 2022 గణనలో 63 అయినది. నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యమే ఇందులకు ప్రధాన స్థానము. అయితే కెమెరాను ఎచ్చట కట్టవలెనో కంప్యూటరు ఎరుగదు. పులి ఏ వాగున నీరు త్రాగునో, ఏ దారిన రాత్రి తిరుగునో ఎరిగినవారు అడవిలో పుట్టి పెరిగిన చెంచు సోదరులు. అటవీశాఖ కావలి శిబిరములలో వారు పనిచేయుచున్నారు. వారి కన్ను లేనిచో యంత్రపు కన్ను గ్రుడ్డిది. పులి లెక్కలోనికి వచ్చినట్లే, ఆ మనుష్యుల జీవనమును లెక్కలోనికి రావలెనని ఇచ్చట విన్నవించుచున్నాను.

నమూనా తెరమీదనే యుండనక్కరలేదు, నేలమీద నడువనువచ్చును. ఇంగ్లండులో బ్రిస్టల్ నగరమున గ్రే వాల్టర్ అను శాస్త్రజ్ఞుడు 1948, 49 సంవత్సరములలో రెండు యంత్రపు తాబేళ్ళను చేసెను. వెలుతురును గుర్తించు కన్నొకటి, తాకిడిని గుర్తించు సాధనమొకటి, రెండు మోటార్లు, ఇంతియే వాని సంపద. అయినను అవి దీపమును వెదకుచు, అడ్డు వచ్చినచో తప్పుకొనుచు, బ్యాటరీ తగ్గినప్పుడు తమ గూటికి మరలుచు ప్రాణమున్నవానివలె నడచినవి. చూచువారు వానికి ఆశయు, భయమును అంటగట్టిరి. నడవడి చిక్కుగా కనబడినంత మాత్రమున లోపలి యంత్రము చిక్కుగా నుండనక్కరలేదని ఆ తాబేళ్ళు నేర్పినవి.

తేనెటీగ పట్టులో నృత్యము చేసి పూలున్న దిక్కును, దూరమును తోటివానికి తెలుపునని కార్ల్ ఫాన్ ఫ్రిష్ కనుగొని, 1973లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. నల్లమలలోని కొండతేనె పట్టులందును ఈ నృత్యము జరుగును. కాని ఈగలు నిజముగా ఆ నృత్యమునే చదువుకొనుచున్నవా, లేక వాసన పట్టి పోవుచున్నవా యని కొందరు సందేహించిరి. 1989లో ఆక్సెల్ మైకెల్సన్ మొదలగువారు ఇత్తడితో ఈగబొమ్మను చేసి, మైనము పూసి, పట్టులో ఆడించిరి. బొమ్మ చూపిన దిక్కునకే ఈగలు ఎక్కువగా పోయినవి. ఏండ్ల తరబడి సాగిన వాదమునకు ఒక బొమ్మ గట్టి సాక్ష్యమిచ్చినది.

2007లో ఐరోపా పరిశోధకులు బొద్దింకల నడుమ బొద్దింకల వాసన పూసిన చిన్న రోబోటులను విడిచిరి. బొద్దింకలు సహజముగా ఎక్కువ చీకటిగా నున్న చోటును కోరును. రోబోటులు వెలుతురు గల చోటును కోరునట్లు చేయగా, పదింట ఆరు పర్యాయములు గుంపంతయు వెలుతురు చోటికే చేరినది. తక్కిన పర్యాయములలో పెక్కింట బొద్దింకలే రోబోటులను చీకటికి లాగుకొనిపోయినవి! గుంపులో ప్రతివాడును ఇతరులను నడపును, ఇతరులచే నడపబడును. ఈ మాట బొద్దింకలకే చెందినదని నేననుకొనను.

ఇక మనుష్య సంఘము. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. మలేరియాచే తరచు పీడింపబడిన మన్యపు సీమల కిది గొప్ప మేలు. ఆయన అంతటితో నిలువక, 1911 నాటికి వ్యాధివ్యాప్తిని సమీకరణములలో నిలిపి, దోమలన్నిటిని నిర్మూలింపనక్కరలేదనియు, ఒక మట్టమునకు దిగువకు తగ్గించినచో వ్యాధి తనంతట తానే క్షీణించుననియు చూపెను. నేటి వ్యాధి నమూనాలకు ఆ లెక్కయే పునాదులలో ఒకటి.

అట్టి నమూనాలు తప్పవా? తప్పును. 2020 అక్టోబరులో, ఐ.ఐ.టి. హైదరాబాదు ఆచార్యులు ఎం. విద్యాసాగర్ గారి అధ్యక్షతనున్న జాతీయ నిపుణ సంఘము, జాగ్రత్తలు పాటించినచో 2021 ఫిబ్రవరి నాటికి కోవిడ్ అదుపులోనికి రాగలదని అంచనా వేసినది. 2021 మే మొదటివారమున దేశమందు దినమునకు నాలుగు లక్షలకు పైగా క్రొత్త కేసులు నమోదైనవి. ఆ వేసవిలో ఆప్తులను పోగొట్టుకొన్నవారు ఈ సభలోనే ఉండవచ్చును. గణితము తెలియనందున జరిగిన తప్పు కాదది. వైరస్ మారినది, జనుల మెలకువ సడలినది. నిన్నటి అంకెలతో పెరిగిన నమూనా రేపటి మార్పును ఎరుగదు. షరతును విడిచి అంకెను మాత్రము వినుట వినువారి లోపము.

మరియొక ఉదాహరణము మన గుండెకు దగ్గరిది. 1971లో థామస్ షెల్లింగ్ అను అమెరికా పండితుడు గళ్ళమీద రెండు విధముల బిళ్ళలను పేర్చి ఒక నమూనాను ప్రకటించెను. ఇరుగుపొరుగున మూడవవంతు తనవంటివారుండిన చాలునని ప్రతి బిళ్ళయు కోరినను, కొంతసేపటికి రెండు జాతులును చాలవరకు వేరుపడినవి. స్వల్పమైన కోరికలనుండి పెద్ద వేర్పాటు పుట్టగలదని తేలినది. ఇది విని, మన ఊరును వాడయు అట్లే వేరుపడినవని యెవరైన అనినచో నేనొప్పుకొనను. మన వాడలు ఎవరి కోరికవలనను ఏర్పడలేదు. బావి నీరు కాదని, గుడి వాకిలి కాదని, భూమి కాదని త్రోసివేయుటచే ఏర్పడినవి. ఒక గమ్యమునకు ఇట్టి దారియు కలదని నమూనా చూపగలదు. ఆ దారినే వచ్చితిమని అది సాక్ష్యము చెప్పజాలదు. ఆ సాక్ష్యము చరిత్ర చెప్పవలెను, బాధపడినవారు చెప్పవలెను.

కావున సోదరులారా, కంప్యూటరు చెప్పినదని యెవరైన ఒక అంకెను మన ముందుంచినప్పుడు భయపడి తల యూపవద్దు, తెలియక త్రోసివేయవద్దు. దీనిలో ఏ సంగతులను లెక్కించితిరి, వేనిని విడిచితిరి, ఈ అంకెకు హద్దులెంత, తప్పినచో నష్టము ఎవరిది యని అడుగుడు. ఈ ప్రశ్నలకు పెద్ద చదువు అక్కరలేదు. వార్తాపత్రికను శ్రద్ధగా చదువు అలవాటు చాలును. ఆ యలవాటును ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా నేర్పుచున్నది.

ఒక చిన్న సూచనతో ముగింతును. గ్రంథాలయమున ఒక పుస్తకము తెరచి, వాన కురిసిన దినము, చెరువు నిండిన దినము, పశువుమీద అడవిమృగము పడిన చోటు, జ్వరములు హెచ్చిన వారము మొదలగువానిని తేదీతో వ్రాయించుడు. పదియేండ్లకు అది ఏ శాస్త్రజ్ఞుడైనను చేతులు జోడించి అడుగు నిధి యగును. మన ఊరిని గూర్చిన లెక్కలో మన మాట నిలుచును. మార్కాపురపు పలకమీద అక్షరము దిద్దిన పిల్లలకు తప్పును తుడిచి మరల వ్రాయుట తెలియును. శాస్త్రమును అట్టిదే, మన పని, వ్రాసినదానిని చదివి, తప్పున్నచోట వ్రేలు పెట్టి చూపుట.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును సైతము ఇంతటి నిండుసభలో జరుపుకొనునుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.