కంప్యూటరులోని లస్కరు

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల రైతులకు కాలువ వంతులను గూర్చి వేరుగా చెప్పవలసిన పనిలేదు. 1967 ఆగస్టు 4వ తేదీన నీరు వదలిన నాగార్జునసాగరు ఎడమ కాలువ, నల్లగొండ, ఖమ్మం సీమలను దాటి మన కృష్ణా మెట్టకు వచ్చుసరికి చివరి భాగమగును. కాలువ ఒకటి, చేలు వేలు. తూములన్నియు ఒక్కసారిగ తెరచినచో పైవారికి పారును. దిగువవారికి తడియైనను చేరదు. అందుచేత వంతులు ఏర్పడినవి. వంతు ప్రకారము తలుపు లెత్తి దింపుటకు లస్కరు ఏర్పడినాడు. అతనికి ఆ నీటితో తడుపుకొనవలసిన సొంత చేను లేదు. అందరి చేలును తడియుటయే అతని పని.

కంప్యూటరులో ఆపరేటింగు సిస్టము చేయు పని యిటువంటిదే. మీ చేతిలోని సెల్ ఫోను కూడ కంప్యూటరే. అందులో పాట వినబడుచుండగనే మిర్చి ధర చూతుము; అంతలో ఎవరో పిలుతురు. ఈ ఒక్కొక్క పనికి ఒక్కొక్క ప్రోగ్రాము కలదు. ఇక్కడ ప్రోగ్రామనగా రేడియో కార్యక్రమము కాదు. యంత్రమునకు వ్రాసి యిచ్చిన ఆదేశముల వరుస. ప్రోగ్రాములు పదులకొలది యుండును. వానిని నడుపు ప్రాసెసరు భాగములు కొలదియే.

తొలినాటి కంప్యూటరులలో ఒకరి పని ముగిసినగాని మరియొకరి పని మొదలు కాకుండెను. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు, పలువురు ఒకే యంత్రమును ఏకకాలమున వాడుకొను పద్ధతిని ప్రదర్శించిరి. కాలువ వంతు గంటలతో, రోజులతో లెక్క. ఇక్కడ సెకనులో వెయ్యవ పాళ్లతో లెక్క. గడువు తీరగనే యంత్రములోని గడియారము హెచ్చరించును. సిస్టము నడుచుచున్న పనిని ఆపి మరియొకదానికి వంతు నిచ్చును. ఈ మార్పు మన కంటికి అందదు గనుక అన్నియు ఒక్కమారే సాగుచున్నట్లు తోచును. ఎంతకును వంతు రాని ప్రోగ్రాము ‘ఆకలికి మాడుచున్న’దని ఈ శాస్త్రజ్ఞులు వ్యవహరింతురు.

రెండవ పని గట్లు కాపాడుట. ప్రతి ప్రోగ్రామునకును జ్ఞాపకశక్తిలో కొంత చోటు కేటాయించి, ఒకటి మరియొకదాని చోటిలోనికి పోకుండ సిస్టము అడ్డుకొనును. సామాన్యముగ ఒక ప్రోగ్రాము చెడినచో దానిని మాత్రము తొలగించి తక్కినవానిని నిలుపును.

ఈ గట్టు విలువ 2024 జూలై 19వ తేదీన లోకమునకు తెలిసివచ్చినది. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థవారి రక్షణ ప్రోగ్రామునకు పంపబడిన ఒక చిన్న సవరణలో దోషముండెను. ఆ ప్రోగ్రాము గట్టు వెలుపల నుండునది కాదు. విండోస్ సిస్టము నడిబొడ్డైన కెర్నెలులోనికే ప్రవేశము పొందినది. అందుచేత దానితోపాటు యంత్రమంతయు కూలినది. సుమారు 85 లక్షల కంప్యూటరులు అట్లు దెబ్బతినినవి. హైదరాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో వ్రాసి యిచ్చిరి. కాపలా కాయ వచ్చినవానికైనను లోపలి తాళపుచెవి నిచ్చునప్పుడు ఎంత జాగ్రత్త వలయునో దీనివలన గ్రహింపవచ్చును.

అంతటి తాళపుచెవి మన చేతిలో లేకపోయినను, చిన్న తాళపుచెవులు కొన్ని మన యొద్దనే కలవు. కొత్త ప్రోగ్రాము మీ కెమెరానో, మైకునో, పరిచితుల నంబర్లనో కోరినప్పుడు సిస్టము మిమ్ము అనుమతి అడుగును. ఏలయనగా చేను మీది. లస్కరు కాపలాదారు మాత్రమే. కేవలము టార్చిలైటు వెలిగించు ప్రోగ్రామునకు మీ బంధువుల నంబర్లతో పనియేమి? వలదనుటకు మీకు హక్కు కలదు. అట్లే, ఫోను తయారుచేసినవారు సవరణ పంపినారని సెట్టింగులలో కనిపించినచో దానిని నెలల తరబడి వాయిదా వేయరాదు. వానిలో పెక్కు, గట్టునకు పడిన గండ్లను పూడ్చునవే. గండి యెక్కడనో దొంగకు తెలిసిన పిమ్మట, పూడ్చని గట్టునే అతడు వెదకుకొనుచు వచ్చును.