కొండకు అగ్గి పడకముందే



శివరాత్రి పోయింది. శేషాచలంలో ఆకు రాలిపోయింది, బోద గడ్డి ఎండి గలగలమంటా ఉంది. వానలు పడేదాకా అడివి అంచున ఉన్న మన కాలనీలకు రెండు భయాలు. ఒకటి అగ్గి. రెండోది, అగ్గి ఎవరు పెట్టారనే మాట వస్తే ముందు యానాదోళ్ళ వైపు తిరిగే చూపు. రెండింటి గురించీ మాట్లాడతా.

2014 మార్చిలో తిరుమల కొండల్లో అడివి తగలబడింది మీకు గుర్తుండే ఉంటుంది. వాయుసేన హెలికాప్టర్లు దిగాయి. దేవుడి కొండ కాబట్టి దేశమంతా చూసింది. అదే భాకరాపేట వైపో, మామండూరు వైపో ఒక కాలనీ పక్కన గడ్డి అంటుకుంటే ఏ హెలికాప్టరూ రాదు. ఫైరింజన్ వచ్చేలోపు అక్కడ ఉండేది మనమే.

మన అడివిలో అగ్గి ఎక్కువగా నేల మీద పాకుతుంది. పెద్ద చెట్టు నల్లబడినా చాలావరకు నిలబడుతుంది. పోయేది మొలకలు, పక్షి గుడ్లు, తేనెపట్లు, నన్నారి తీగలు. అంటే మన కూడు.

ఇక ఇల్లు. పూరిగుడిసెకు మంట తగలక్కర్లేదు, గాలికి ఎగిరొచ్చే ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంటి చుట్టూ కనీసం 30 అడుగుల మేర ఎండాకు, ఎండుగడ్డి లేకుండా ఊడ్చి పెట్టుకోండి. కట్టెల మోపులు, గడ్డివాము గోడకు ఆనించొద్దు. రేకుల ఇల్లు కదా అని ధీమాగా ఉండొద్దు, రేకుల సందుల్లో చేరిన ఎండాకు చాలు అంటుకోడానికి. పొయ్యిలో బూడిద నీళ్ళు చల్లాకే పారబోయండి. తేనెకు పోయినోళ్ళు పొగ పెట్టిన కాగడా పూర్తిగా ఆర్పి రావాలి. బీడీ సంగతి మళ్ళీ చెప్పించుకోవద్దు అన్నా!

కుల సర్టిఫికెట్, ఆధార్, రేషన్ కార్డు, పట్టా కాగితం ఒకే రేకుపెట్టెలో, తలుపు దగ్గర పెట్టండి. ఫోన్లో ఫోటోలు కూడా తీసుకోండి. గుడిసె కాలితే నెలలో మళ్ళీ వేసుకుంటాం. కుల సర్టిఫికెట్ కాలితే ఎన్నాళ్ళు తిరగాలో ఇక్కడ కూర్చున్న ప్రతి తల్లికీ తెలుసు.

మంట వస్తే ముసలోళ్ళను, పిల్లలను ముందు రోడ్డుకు చేర్చండి, 101కి ఫోన్ చేయండి. మంట ఏటవాలులో పైకి చాలా జోరుగా ఎక్కుతుంది, అందుకే కొండపైకి పరిగెత్తొద్దు. పక్కకు పోండి, లేదా అప్పటికే కాలి చల్లారిన చోటికి పోండి. పచ్చికొమ్మలతో, తడి గోతాలతో కొట్టేది మోకాలి లోపు మంటనే. అంతకంటే ఎత్తు లేస్తే వెనక్కి వచ్చేయాలి. పౌరుషానికి పోయేది కాదు ఇది.

ఇప్పుడు రెండో భయం. అడివిలో హక్కు వాడుకునేవాళ్ళు అగ్గి ఆర్పడానికి సాయపడి తీరాలని తెల్లోళ్ళు 1927 చట్టం 79వ సెక్షన్లోనే రాసుకున్నారు. ఆర్పే పని మనకు అప్పుడే అంటగట్టారు. కాపాడే హక్కు మాత్రం 2006 అటవీ హక్కుల చట్టంతో గానీ కాగితం మీదికి రాలేదు. అందులో 3(1)(ఐ), 5వ సెక్షన్ చదవండి. మనది ఐదో షెడ్యూలు ప్రాంతం కాదు కదా అంటారు కొందరు. ఆ చట్టానికి షెడ్యూలు ప్రాంతంతో పని లేదు.

వేసవిలో అటవీశాఖ కూలికి ఫైర్ వాచర్లను పెట్టుకుంటుంది. ఆ పని మన కాలనీల పిల్లలకు ఇవ్వాలని, బూట్లు, నీళ్ళు, దెబ్బ తగిలితే వైద్యం, పరిహారం ఇవ్వాలని ఈ నెల గ్రామసభలో తీర్మానం పెడదాం. ఫైర్ లైన్లు ఎక్కడ గీయాలో మనోళ్ళకు తెలిసినంత ఎవరికి తెలుసు?

ఇంకొక్క పని. కాలనీకి ఒక నోటుబుక్కు పెట్టండి. పొగ ఎక్కడ లేచింది, ఎన్ని గంటలకు చూశాం, ఎవరికి ఫోన్ చేశాం, ఆర్పడానికి ఎవరెవరు పోయారు, అన్నీ ఆ రోజే రాయండి. రేపు ఎవరైనా మన పిల్లోడి మీద కేసు రాయబోతే ముందు ఆ పుస్తకం తెరిచి చూపిద్దాం.