కలకత్తా భానుమతి
(టాటానగర్ దగ్గరి బాగ్‌బేరాలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి పేరు మీద జరిగే సభలో సినిమా గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఆయన్ని దగ్గర నుంచి చూసినవాళ్ళకు అలా అనిపించదు. ఈ పేటలో రెండు తరాల పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించిన మనిషి, సినిమా హాళ్ళ బయట అణాకూ బేడకూ అమ్మిన పాటల పుస్తకాలను కూడా శాసనాలంత భద్రంగా దాచారు. తెలుగు సినిమా చరిత్రను మద్రాసులో మొదలుపెట్టి రాస్తే మొదటి అధ్యాయం గల్లంతవుతుందని ఆయన గట్టిగా నమ్మేవారు. నన్ను ఈ పనిలోకి దింపింది ఆ నమ్మకమే. అందుకే ఇవాళ భానుమతీ రామకృష్ణగారి గురించి, ముఖ్యంగా ఆవిడ కలకత్తా రోజుల గురించి మాట్లాడతాను.

ఆవిడ పుట్టుపూర్వోత్తరాలు మీకు చెప్పక్కర్లేదు. 1925లో ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టడం, తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారి దగ్గర సంగీతం నేర్వడం అందరికీ తెలిసినవే. ‘మల్లీశ్వరి’ చూడనివారు ఈ హాల్లో ఉంటారని నేననుకోను. కాబట్టి నేరుగా 1939కి వచ్చేస్తాను.

ఆ రోజుల్లో తెలుగు టాకీ తీయాలంటే తెలుగు నేల దాటాల్సిందే. రాజమండ్రిలో 1936లో దుర్గా సినీటోన్ వెలిసింది కానీ నిలదొక్కుకోలేకపోయింది. మద్రాసులో స్టూడియోలు అప్పుడప్పుడే కుదురుకుంటున్నాయి. మిగతా దిక్కులు బొంబాయి, కొల్హాపూర్, కలకత్తా. వీటిలో కలకత్తాను తెలుగువాళ్ళకు సొంత ఊరు చేసినవారు కాకినాడ మనిషి చిత్తజల్లు పుల్లయ్యగారు. ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీకి ఆయన 1933లో ‘సతీ సావిత్రి’ తీశారు, 1934లో ‘లవకుశ’ తీశారు. ‘లవకుశ’ చూడటానికి జనం బళ్ళు కట్టుకుని పట్నాలకు వచ్చారు. దాంతో నాటకాల వాళ్ళు హౌరా రైలెక్కడం మొదలైంది. వాల్తేరు, ఖుర్దారోడ్డు, ఖరగ్‌పూర్, హౌరా: అదీ దారి. ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది తాతలు కూడా అదే దారిలో ఖరగ్‌పూర్ దాకా వచ్చి, హౌరా వైపు పోకుండా పడమటికి తిరిగి టాటానగర్‌లో దిగారు. వాళ్ళకు కారఖానాలో పని దొరికింది, వీళ్ళకు కలకత్తా టాలీగంజ్ స్టూడియోల్లో.

ఆ రైలు దిగిన పదమూడు పద్నాలుగేళ్ళ పిల్ల భానుమతి. సినిమా పుల్లయ్యగారి ‘వరవిక్రయం’. కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకం అప్పటికే ఊరూరా ఆడుతోంది. కట్నం కోసం తండ్రి ఆస్తి అమ్ముకుంటుంటే చూడలేక నూతిలో దూకి చనిపోయే పెద్దకూతురు కాళింది. కొనుక్కున్న పెళ్ళికొడుకు మాకు చెందుతాడంటూ మామగారిని కోర్టుకు ఈడ్చే చిన్నకూతురు కమల. కమల వేషం పుష్పవల్లిగారిది. పిసినారి సింగరాజు లింగరాజుగా బలిజేపల్లి లక్ష్మీకాంతంగారు. కాళింది వేషం భానుమతిగారిది.

ఇక్కడ కొంచెం ఆగాలి. సినిమాకు ఒప్పుకునేటప్పుడు తండ్రి ఒక షరతు పెట్టారని ఆవిడే చాలా చోట్ల చెప్పారు: హీరో తన కూతుర్ని తాకకూడదు, కౌగిలింతల సీన్లు ఉండకూడదు. దీన్ని ఛాందసుడైన తండ్రి ముచ్చటగా చెప్పుకుని నవ్వుకుని వదిలేస్తుంటాం. నేను అలా వదలను. షరతును పక్కన పెట్టుకుని వేషం చూడండి. కాళిందికి ప్రేమ లేదు, పెళ్ళి లేదు. ఆ పిల్ల మాట్లాడేది తల్లితో, తండ్రితో, చెల్లెలితో. పాటలన్నీ తనలో తాను పాడుకునేవి, దేవుడితో మొరపెట్టుకునేవి. త్యాగరాజస్వామి కీర్తన ఒకటి అందులో ఉంది. పుల్లయ్యగారు షరతుకు తలొగ్గారనుకోవడం కన్నా, షరతు అడ్డురాని వేషం చూసి ఆ పిల్లకిచ్చారనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. ఫలితమేమిటంటే, తెరకెక్కిన మొదటి రోజునుంచీ భానుమతిగారికి హీరో పక్కన నిలబడే అలవాటు కాలేదు. ఒంటరిగా ఫ్రేములో నిలబడే అలవాటైంది.

రెండో సంగతి పాట. మన దేశంలో ప్లేబ్యాక్ పుట్టిన ఊరు కలకత్తాయే. 1935లో న్యూ థియేటర్స్‌లో నితిన్ బోస్ ‘భాగ్యచక్ర’తో ఆ పని మొదలుపెట్టారు. అదే ఊళ్ళో నాలుగేళ్ళ తర్వాత మన పిల్ల కెమెరా ముందు తన గొంతుతో తానే పాడింది. తెలుగులో మొదటి ప్లేబ్యాక్ అని చెప్పుకునే ఎమ్మెస్ రామారావుగారి పాట 1944లో ‘తహసీల్దారు’లో వచ్చింది. ఆ సినిమాలోనూ భానుమతిగారున్నారు. పక్కన అరువు గొంతులు వస్తున్నా ఆవిడ మటుకు తన పాట తానే పాడుకున్నారు. ‘వరవిక్రయం’లో కాళింది ముఖాన్ని పాట సాగుతున్నప్పుడు గమనించండి. చేతులు దాదాపు కదలవు. రంగస్థలం నుంచి వచ్చినవాళ్ళు చెయ్యి చాపి, గొంతు హాలు చివరి బెంచీ దాకా విసురుతుంటే, ఈ పిల్ల కళ్ళు కొద్దిగా వాల్చి, మైకు దగ్గరే ఉందని తెలిసినట్టు గొంతు తగ్గించి పాడుతుంది. నాటకానుభవం లేకపోవడం ఆవిడకు లోటు కాలేదు, కలిసొచ్చింది. సినిమాకే పుట్టిన మొదటి తెలుగు నటి అని నేను ఆవిడను అనేది అందుకే.

మూడో సంగతి పుల్లయ్యగారు పని చేసే తీరు. టూరింగ్ సినిమా నడిపిన అనుభవం, ఇంట్లోనే మూకీ తీసిన అనుభవం ఉన్న మనిషి. ఫిల్ము పొదుపుగా వాడటంలో ఆయన పేరు పెద్దది. రిహార్సల్ పూర్తిగా కుదిరితే తప్ప కెమెరా తిప్పనిచ్చేవారు కారు. కథ, లెక్క, సెట్టు, రీలు అన్నీ ఒక్క మనిషి చేతిలో ఉండటం అన్నది భానుమతిగారు కన్ను తెరిచి చూసిన మొదటి సినిమా ప్రపంచం. పెద్దయ్యాక తనే కథ రాసి, సంగీతం కట్టి, డైరెక్టు చేసి, స్టూడియో నడిపారంటే అది ఆకాశం నుంచి ఊడిపడిన ప్రతిభ కాదని నా వాదం. దాని మొదటి పాఠాలు టాలీగంజ్‌లో ఉన్నాయి.

తర్వాత ‘మాలతీ మాధవం’ వచ్చింది, ఆడలేదు. 1941లో కొల్హాపూర్‌లో ఇంకో పుల్లయ్య, పి. పుల్లయ్యగారి ‘ధర్మపత్ని’. దానికి మాటలు రాసినాయన బెంగాలీ నుంచి శరత్‌ను తెలుగు చేసిన చక్రపాణిగారు. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ వస్తుంది. 1943 ‘కృష్ణప్రేమ’, అందులో సహాయ దర్శకుడైన పాలువాయి రామకృష్ణారావుగారితో పెళ్ళి, సినిమాలు మానేద్దామన్న ఆలోచన, బి.ఎన్. రెడ్డిగారు వెనక్కి పిలిచిన ‘స్వర్గసీమ’: ఇవన్నీ పుస్తకాల్లో బాగానే ఉన్నాయి. ఒక్కటి మాత్రం చెబుతాను. హాలీవుడ్‌లో రీటా హేవర్త్ ‘బ్లడ్ అండ్ శాండ్’లో తీసిన కూనిరాగం విని, దాన్ని ‘స్వర్గసీమ’ పావురం పాటలోకి తెచ్చింది భానుమతిగారే. ఇరవై ఏళ్ళ పిల్ల సంగీత దర్శకుడికి సూచన ఇవ్వడం, నాగయ్యగారంతటివారు దాన్ని తీసుకోవడం, రెండూ చూడండి. 1947లో కొడుకు పేరు మీద భరణీ పిక్చర్స్ పెట్టారు. ‘రత్నమాల’, ‘లైలా మజ్ను’, ‘ప్రేమ’ వచ్చాయి. 1953లో ‘చండీరాణి’. తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ తీసి, ద్విపాత్రాభినయం చేసి, దర్శకత్వం కూడా ఆవిడే వహించారు.

ఇక తగాదాకు వస్తాను.

భానుమతి అనగానే పొగరు అనే మాట వాడే చరిత్రకారులున్నారు. వాళ్ళ వాదానికి మూలస్తంభం ‘మిస్సమ్మ’. కథ మీకు తెలుసు: మేరీ వేషానికి మొదట భానుమతిగారినే తీసుకున్నారు, కొంత షూటింగ్ కూడా అయింది. ఒకరోజు ఆలస్యంగా వచ్చారు, ఇంట్లో వరలక్ష్మీ వ్రతమన్నారు. నిర్మాత చక్రపాణిగారు క్షమాపణ ఉత్తరం రాసివ్వమన్నారు. ఆవిడ రాయనన్నారు. తీసిన రీళ్ళు కాల్చేశారు, వేషం సావిత్రిగారికి వెళ్ళింది, సావిత్రిగారి వేషం జమునగారికి వెళ్ళింది. పొగరు వల్ల ఇంత పెద్ద వేషం పోగొట్టుకుంది అని ఒక వర్గం తీర్పు. కాదు, ఆవిడ భక్తురాలు, వ్రతం వదలని ఇల్లాలు, అందుకే తలవంచలేదు అని అభిమానుల వర్గం సమర్థన. ఈ రెండు వర్గాలతోనూ నాకు పేచీ ఉంది. ఇద్దరూ ఆవిడ స్వభావం గురించే మాట్లాడతారు. ఆవిడ ఏ కుర్చీలో కూర్చుందో చూడరు.

తేదీలు చూడండి. ‘చండీరాణి’ 1953. ‘మిస్సమ్మ’ విడుదల 1955 సంక్రాంతికి. అంటే ‘మిస్సమ్మ’ తీసిన విజయా వారి సెట్టు మీదికి వచ్చేనాటికి ఆవిడ వట్టి తార కాదు. మూడు భాషల సినిమా డైరెక్టు చేసిన మనిషి, సొంత కంపెనీ ఉన్న మనిషి. ఒక నిర్మాత ఇంకో నిర్మాతకు క్షమాపణ ఉత్తరం రాసివ్వడు. చక్రపాణిగారు ఎదురుగా చూసింది జీతానికొచ్చిన నటిని. అక్కడున్నది తోటి నిర్మాత. ఆ ఇద్దరూ ‘ధర్మపత్ని’లో ఒకరు మాటలు రాస్తే ఒకరు పలికినవాళ్ళే. అప్పుడు రాని గొడవ ఇప్పుడెందుకు వచ్చిందో స్వభావం చెప్పదు, హోదా చెబుతుంది.

నా మాట ఊహ అంటారా, తమిళం వైపు చూడండి. ఎం.జి.ఆర్‌తో ఆవిడ 1954లో ‘మలైక్కళ్ళన్’ చేశారు. 1956లో ‘అలీబాబా’, ‘మదురై వీరన్’ చేశారు. ఆ మూడూ పూర్తయ్యాయి, మూడూ ఆడాయి. 1958 ‘నాడోడి మన్నన్’ దగ్గర మాత్రం పడలేదు, మధ్యలో బయటికి వచ్చేశారు. ఆవిడ పాత్రను కథలో చంపేసి సరోజాదేవిని తెచ్చుకున్నారు. ఏం మారింది? మొదటి మూడింట్లో ఎం.జి.ఆర్ హీరో. నాలుగోదానికి ఆయనే నిర్మాత, ఆయనే దర్శకుడు. పొగరే కారణమైతే మొదటి సినిమాలోనే గొడవ రావాలి కదా! అంతెందుకు, షాటు షాటుకూ చెక్కే బి.ఎన్. రెడ్డిగారి దగ్గర ‘మల్లీశ్వరి’ నెలల తరబడి నడిచింది. అక్కడ పొగరు ఏమైంది? పని తెలిసిన దర్శకుడు చెబితే ఆవిడ విన్నారు. తనంత పని తెలిసిన మనిషిగా తనను లెక్కపెట్టనిచోట విన్లేదు.

మగ నిర్మాత కోప్పడితే నిక్కచ్చి మనిషి అని రాసిన కలాలే ఆవిడ విషయంలో వేరే మాట వాడాయి. ఆ కలాలు పట్టిన పెద్దల పరిశ్రమ మీద నాకు గౌరవముంది. వాళ్ళ వెలికితీతలు లేకపోతే నేను ఈ పని చేయలేను. అయినా ఈ ఒక్క విషయంలో వాళ్ళు గాలివార్తను చరిత్ర చేశారని నిండు సభలో చెబుతున్నాను. సావిత్రిగారి వంటి మహానటి ఆ వేషంతో వెలుగులోకి రావడం పరిశ్రమకు మేలే అని భానుమతిగారే సంతోషంగా చెప్పుకున్నారు. ఓడిపోయినవాళ్ళు అలా మాట్లాడరు.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. మిగిలిన యాభై ఏళ్ళూ పరుగులో చెబుతాను. 1954లో ‘చక్రపాణి’, సంగీతం ఆవిడదే. అదే ఏడాది ‘విప్రనారాయణ’. 1961లో ‘బాటసారి’, శరత్‌బాబు ‘బడదీది’ కథ. 1962లో తమిళ ‘అన్నై’, అదీ బెంగాలీ ‘మాయామృగ’ నుంచి వచ్చిందే. బెంగాల్ ఆవిడను వదల్లేదని గమనించండి. 1966లో పద్మశ్రీ. ‘అత్తగారి కథలు’ గురించి వేరే ఉపన్యాసమే పెట్టాలి, తెలుగు హాస్యంలో అత్తను రాక్షసి వేషం నుంచి తప్పించిన పుస్తకమది. 1974లో ‘తాతమ్మ కల’, 1984లో ‘మంగమ్మగారి మనవడు’, మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాల ప్రిన్సిపాల్ పదవి, ఆత్మకథ ‘నాలో నేను’కు జాతీయ బహుమతి, 1998లో చివరి సినిమా ‘పెళ్ళి కానుక’, 2001లో పద్మభూషణ్, 2005 డిసెంబరు 24న కన్నుమూత.

ఒక్క మాట చెప్పి దిగుతాను. దీన్ని పుస్తకాలు ఒక వాక్యంతో దాటేస్తాయి. 1982లో ఆవిడ ‘భక్త ధ్రువ మార్కండేయ’కు దర్శకత్వం వహించారు. అందులో నటులందరూ పిల్లలే. వయసు మీదపడ్డాక వచ్చిన భక్తి అని దాన్ని సరిపెట్టేస్తారు. కానీ కాకినాడలో పుల్లయ్యగారు 1920ల్లో తీసిన మూకీ ఏమిటి? ‘భక్త మార్కండేయ’, యముడి వేషం ఆయనదే. 1936లో కలకత్తా అరోరా కంపెనీకి, అందరూ పిల్లలతోనే ఆయన తీసిన సినిమా ఏమిటి? ‘సతీ అనసూయ’, దానితో జోడుగా ‘ధ్రువవిజయం’. ధ్రువుడు ఆయనది, మార్కండేయుడు ఆయనది, పిల్లలతో తీయడమూ ఆయనదే. పుల్లయ్యగారు 1967లో పోయారు. పదిహేనేళ్ళ తర్వాత, షష్టిపూర్తికి దగ్గరపడిన వయసులో, ఆవిడ ఆ మూడింటినీ కలిపి ఒక్క సినిమా చేశారు, ఈసారి డైరెక్టరు కుర్చీలో తానే కూర్చుని. ఆవిడ మీద కలకత్తా ముద్ర ఎంతకాలం ఉందని నన్ను అడిగేవారికి నేను చూపించేది ఈ సినిమానే. ప్రశ్నలుంటే అడగండి, పేచీలుంటే ఇంకా సంతోషం.