షోయబుల్లా ఖాన్: ఇల్లూ, పత్రికా
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటిని ప్రేమగా చూసుకుంటూ, సొంత కష్టంతో ఒక పని నిలబెట్టి, నలుగురికీ ఉపయోగపడ్డ మనిషిని ఒకరిని జ్ఞాపకం చెయ్యమని కమిటీవారు నాకు చెప్పారు. అలాంటివారు మన నల్లగొండలో, పాలమూరులో తక్కువేం లేరు. కాని వారి బంధువులు ఇక్కడే ఉన్నారు. ఎదురుగా పొగిడితే ముఖస్తుతి అవుతుంది. అందుకని జనాబ్ షోయబుల్లా ఖాన్ సాహెబ్‌ను ఎంచుకున్నాను. "ఆయన షహీద్ గదా, దుకాణదారు ఎట్లయిండు?" అని మీరడగవచ్చు. దినపత్రిక నడపటం కూడా ఒక దుకాణమే. రోజూ తెరవాలి, రోజూ కూలి ఇవ్వాలి, సరుకు మాత్రం తెల్లారేసరికి పాతబడుతుంది.

ఆయన 1920 అక్టోబరు 17న పుట్టారు. తండ్రి హబీబుల్లా ఖాన్ గారు రైల్వే పోలీసులో ఉద్యోగి. కొడుకు పుట్టిన రోజునే రైలు స్టేషనులో గాంధీజీని చూశారనీ, ఆ సంతోషంలో పిల్లవాణ్ణి "షోయబుల్లా గాంధీ" అని పిలిచేవారనీ చెప్పుకుంటారు. ముద్దుపేరే అనుకోండి, కాని ఆ పేరు పిల్లవాడి వెంట నడిచింది. ఉస్మానియా యూనివర్సిటీలో చదివారు. ఆ రోజుల్లో ఉస్మానియా డిగ్రీ, చేతిలో మంచి ఉర్దూ ఉంటే సర్కారు కచేరీలో కుర్చీ దొరకటం కష్టం కాదు. ఆయన పత్రికలవైపు వెళ్లారు.

మొదట "తేజ్" వారపత్రికలో పనిచేశారు. సర్కారు దాన్ని మూయించింది. తరువాత "రయ్యత్". దాన్ని నడిపినవారు మందుముల నరసింగరావు గారు, మన పాలమూరు మనిషే. అదీ మూతపడింది. రెండుసార్లు పని పోయిన మనిషి, పెండ్లాం పిల్లలున్నవాడు, ఏం చేస్తాడు? మూడోసారి నౌకరీ వెతుక్కుంటాడు. ఈయన తానే పత్రిక పెట్టారు. పెట్టుబడి ఎక్కడిది? తల్లి నగలు, భార్య నగలు అమ్మారని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. సహాయపడ్డవారు బూర్గుల రామకృష్ణారావు గారు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తి తాలూకా పడకల్‌లో పుట్టి, తరువాత 1952లో హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయినవారు, ఉర్దూ ఫారసీలు బాగా వచ్చినవారు. ఒక ముస్లిం యువకుడి ఉర్దూ పత్రికకు ఇద్దరు పాలమూరు హిందూ పెద్దలు, ఒకరు ముందు, ఒకరు వెనుక, అండగా నిలబడ్డ సంగతి మన జిల్లాలో ఎందరికి తెలుసు?

పత్రిక పేరు "ఇమ్రోజ్". ఫారసీలో "ఈ రోజు" అని అర్థం. మొదటి సంచిక 1947 నవంబరు 15న వచ్చింది. ఈ కాలం పిల్లలకు తెలియని మాట ఒకటి చెప్పాలి: కాతిబ్. ఆ రోజుల్లో ఉర్దూ పత్రికకు తెలుగు పత్రికలకు మాదిరి సీసపు అక్షరాలు కూర్చేవారు కాదు. కాతిబ్ అనే రాతగాడు ప్రతి పేజీనీ కలంతో అందంగా రాసేవాడు, దాన్ని రాతి అచ్చు మీద ముద్రించేవారు. అంటే వార్త ఆలస్యమైతే కాతిబ్ ఆగాలి, కాతిబ్ ఆగితే అచ్చు ఆగాలి. కాగితం ఖర్చు ఒకటి, రాతగాడి కూలి ఒకటి. పాలకులకు ఎదురు రాసే పత్రికకు ప్రకటన ఇచ్చే షావుకారు ఎవరు? నాకు ఆ ధైర్యం కన్నా ఈ లెక్క చూస్తేనే ఆశ్చర్యం. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో బియ్యం డబ్బాలోకి చెయ్యి పెట్టి చూసింది ఎవరో ఆలోచించండి.

హైదరాబాదు ఇండియన్ యూనియన్‌లో కలవాలని, ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం కావాలని ఆయన రాశారు. రజాకార్ల దౌర్జన్యాన్ని పేరుపెట్టి ఖండించారు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఇదే సంగతి మీద ప్రకటన చేస్తే ఇమ్రోజ్ దాన్ని అచ్చువేసింది. కాసిం రజ్వీ సభలో బహిరంగంగానే బెదిరించాడు. ఆగస్టు 21 రాత్రి పత్రిక పని ముగించుకొని కాచిగూడలో ఇంటికి నడిచి వస్తుండగా మీద పడ్డారు. తుపాకీతో కాల్చి, కత్తులతో నరికి, రాసే చెయ్యి తెగగొట్టారు. 22 తెల్లవారకముందే ప్రాణం పోయింది. ఇరవై ఎనిమిది ఏండ్లు కూడా నిండలేదు.

ఆ రాత్రి ఆయన పక్కన నడుస్తున్నది బావమరిది ఇస్మాయిల్ ఖాన్. అడ్డం పడినందుకు ఆయననూ నరికారు. చెయ్యి పోయింది, ప్రాణం దక్కింది. సభల్లో ఈ పేరు చెప్పేవారు తక్కువ. నేను మాత్రం పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఈ పేరు వదలను. నగలిచ్చింది ఆడవాళ్లు, చెయ్యి ఇచ్చింది బావమరిది. పత్రిక మీద ఎడిటర్ పేరు ఒక్కటే ఉంటుంది.

నెల తిరగకముందే సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలైంది, 17న ముగిసింది. ఆ తరువాత జిల్లాల్లో మన ఇండ్ల మీద పడ్డ కష్టం పెద్దలకు తెలుసు. విచారించటానికి ఢిల్లీ నుండి పండిత్ సుందర్‌లాల్ బృందం రావలసి వచ్చింది. అందుకే కొందరు పెద్దలు ఇప్పటికీ షోయబుల్లా ఖాన్ పేరు వినగానే మౌనంగా ఉంటారు. వారి దుఃఖాన్ని నేను చిన్నచెయ్యను. అయితే ఆయన ఇంటి దుఃఖం కూడా ఒక ముస్లిం ఇంటి దుఃఖమే గదా! తల్లిదండ్రులున్నారు, బేవా అయిన భార్య ఉంది, పసిబిడ్డ ఉంది. రజాకార్లను తిట్టేవాళ్లకు ఆయన కావాలి, ఆ ఇల్లు అక్కర్లేదు. మన మౌనానికి ఆయనా అక్కర్లేదు, ఆ ఇల్లూ అక్కర్లేదు.

ఇక కమిటీవారికి ఒక మనవి. ప్రతి సావనీరులో మనం చందాదారుల పేర్లు వేస్తాం, మంచిదే. మన సభ్యుల్లో టైర్ల షాపు పెట్టినవారున్నారు, లారీ కొన్నవారున్నారు, ఇంట్లో కుట్టుమిషనుతో మొదలుపెట్టి రెడీమేడ్ దుకాణందాకా వచ్చినవారున్నారు. ఆ మొదటి పెట్టుబడికి ఏ తల్లి గొలుసు అమ్మిందో, ఏ భార్య గాజులు తాకట్టు పెట్టిందో, ఏ బావమరిది జీతం లేకుండా గల్లా దగ్గర కూర్చున్నాడో రాసి ఇవ్వండి. ఉర్దూలో రాసినా సరే, నేను తెలుగు చేసి పెడతాను. వచ్చే ఏడు సావనీరులో రెండు పేజీలు వాటికి ఉంచమని కోరుతున్నాను. రంజాన్‌కు ముందే సెక్రటరీగారి చేతికి ఇస్తే అచ్చుకు అందుతాయి.